ఓపెన్ గోల్ఫ్ చరిత్ర టూర్: ప్రెస్ట్‌విక్‌కి ఫుల్ మార్కులు, సెయింట్ ఆండ్రూస్‌కి సగమే

ముందే మార్కులు చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మొదటి రోజు ప్రెస్ట్‌విక్‌కి ఐదుకి ఐదు, రెండో రోజు పొద్దున మసల్‌బరాకి నాలుగు, మధ్యాహ్నం సెయింట్ ఆండ్రూస్‌కి రెండున్నర. స్కాట్లండ్‌లో ‘ది ఓపెన్’ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ పుట్టి పెరిగిన ఊళ్ళు చూపిస్తామని తిప్పే రెండు రోజుల మినీబస్ టూర్ ఇది. గ్లాస్గోలో ఎక్కించుకుంటారు, రాత్రికి ఎడిన్‌బరోలో వదిలేస్తారు, హోటల్ మన ఖర్చు, మర్నాడు మళ్ళీ ఎక్కించుకుని సాయంత్రానికి తిరిగి అక్కడే దింపుతారు. మనిషికి రెండు వందల పౌండ్ల పైమాటే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి టూర్లు నడిపేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, ఆగే చోట్లు దాదాపు ఒకటే, పైగా నా ఫిర్యాదుల్లో సగం వీళ్ళ మీద కాదు, ఈ చరిత్రని అమ్మే పద్ధతి మీద.

నేను గోల్ఫ్ ఆడను. మా బావ ఆడతాడు, ఆడేదానికంటే దాని గురించి మాట్లాడేది ఎక్కువ. బుక్ చేసింది తనే, నేను పక్క సీటు నింపడానికి వెళ్ళాను. కాబట్టి ఇది ఆట తెలియనివాళ్ళ కోసం ఆట తెలియని మనిషి రాస్తున్న రివ్యూ అనుకోండి. తెలియాల్సింది ఒక్కటే, ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని అన్ని గుంతల్లోనూ వేస్తే వాళ్ళే గెలిచినట్టు. మగవాళ్ళ ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో మేజర్లని నాలుగు పోటీలుంటాయి. యూఎస్ ఓపెన్ 1895లో, పీజీఏ ఛాంపియన్‌షిప్ 1916లో, మాస్టర్స్ 1934లో మొదలయ్యాయి. వీటన్నిటికంటే పాతది ఈ ఓపెన్, 1860లో మొదలైంది. ఇప్పటికీ ప్రతి జులైలో జరుగుతుంది, అదీ సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీది గడ్డి నేలల్లోనే. వాటినే లింక్స్ అంటారు.

ప్రెస్ట్‌విక్ గ్లాస్గోకి నైరుతిగా సముద్రం ఒడ్డున ఉంటుంది. రైల్వే స్టేషన్ దిగితే పక్కనే కోర్సు, అంటే ఆట మైదానం. మొదటి హోల్ (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి గుంత దాకా ఉండే దారిని హోల్ అంటారు) పొడుగునా కుడివైపు గోడ, గోడకి అవతల పట్టాలు. బంతి కాస్త కుడికి పోయిందంటే రైలు ఎక్కేసినట్టే. మొదటి రోజు గైడు ఒకప్పుడు క్యాడీగా బ్యాగులు మోసినాయన, అరవై దాటి ఉంటాయి, యాస అర్థం కావడానికి మొదటి అరగంట పట్టింది కానీ ఆ తర్వాత నేను నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టాను. ఆయన ట్రోఫీతో మొదలుపెట్టలేదు, గెలుపులతో మొదలుపెట్టలేదు. ఒక చావుతో, దానికి ముందు జరిగిన ఒక గొడవతో మొదలుపెట్టాడు.

గొడవ బంతి గురించి. అప్పట్లో గోల్ఫ్ బంతి అంటే చిన్న తోలు సంచిలో ఉడకబెట్టిన ఈకలు కూరి కుట్టేది. ఒక్కో బంతికి బోలెడు పని, అందుకే ఖరీదు. సెయింట్ ఆండ్రూస్‌లో అలన్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఈ బంతుల వ్యాపారం చేసేవాడు, ఆటలో కూడా ఆ రోజుల్లో ఆయన్ని మించినవాడు లేడనేవాళ్ళు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు టామ్ మోరిస్. 1848 ప్రాంతంలో గట్టా పర్చా అనే చెట్టు పాలతో చేసిన కొత్త బంతి వచ్చింది, చవక, తడిసినా పాడవదు, పగిలితే వేడి చేసి మళ్ళీ ఉండ చేసుకోవచ్చు. రాబర్ట్‌సన్‌కి అది కడుపు మీద కొట్టినట్టే కదా. మోరిస్ ఆ కొత్త బంతితో ఆడుతూ ఆయన కంట పడ్డాడు, ఇద్దరికీ చెడింది. మోరిస్ వేరే దారి చూసుకున్నాడు, 1851లో కొత్తగా పెట్టిన ప్రెస్ట్‌విక్ క్లబ్బుకి మైదానం చూసుకునే ఉద్యోగానికి వచ్చాడు. ఇక్కడ 12 హోల్స్ కోర్సు వేసింది ఆయనే.

1859లో రాబర్ట్‌సన్ చనిపోయాడు. మిగిలినవాళ్ళలో ఎవరు మేటి అన్నది తేల్చాలి కదా, అని ప్రెస్ట్‌విక్ క్లబ్బు పెద్దలు ఒక పోటీ పెట్టారు. 1860 అక్టోబర్ 17. వచ్చింది ఎనిమిదిమంది. 12 హోల్స్ కోర్సుని మూడుసార్లు చుట్టి రావాలి, మొత్తం 36 హోల్స్, ఒక్క రోజులో. మసల్‌బరా నుంచి వచ్చిన విల్లీ పార్క్ 174 దెబ్బల్లో ముగించాడు, తన సొంత కోర్సు మీద ఆడిన టామ్ మోరిస్ 176. బహుమతి ఎర్రటి మొరాకో తోలు బెల్టు, దానికి వెండి బకిల్, చేయించడానికి 25 పౌండ్లు అయింది. డబ్బు? ఒక్క పెన్నీ లేదు. బెల్టు కూడా ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేది కాదు, వచ్చే ఏడు తిరిగి తేవాలి, వరసగా మూడుసార్లు గెలిస్తేనే సొంతం.

ఇక్కడ గైడు చెప్పిన విషయం నాకు బాగా పట్టింది. ఆ ఎనిమిదిమందీ ఎవరు? క్యాడీలు, బంతులు చేసేవాళ్ళు, కర్రలు చేసేవాళ్ళు, గడ్డి చూసుకునేవాళ్ళు. క్లబ్బు సభ్యులేమో భూస్వాములు, సైనికాధికారులు, లాయర్లు. వీళ్ళ మీద వాళ్ళు పందేలు కాసేవాళ్ళు, తమతో పాటు ఆడించుకునేవాళ్ళు, కానీ క్లబ్‌హౌస్ లోపలికి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు. మొదటి పోటీకి వచ్చినవాళ్ళ బట్టలు బాగాలేవని ఎగ్లింటన్ ప్రభువు తన ఎస్టేటు కూలీలు వేసుకునే గళ్ళ కోట్లు ఇప్పించాడట, అవి తొడుక్కునే ఆడారు. మొదటి ఏడు ఆట ప్రొఫెషనల్స్‌కి మాత్రమే, 1861 నుంచి దొరలు కూడా ఆడొచ్చు అన్నారు. 1863లో మొదటిసారి డబ్బు పెట్టారు, పది పౌండ్లు, అదీ రెండు మూడు నాలుగు స్థానాలవాళ్ళకి పంచడానికి. గెలిచినవాడికి బెల్టు చాలు అన్నమాట. గెలిచినవాడి చేతిలో నగదు పడింది 1864లో, ఆరు పౌండ్లు, టామ్ మోరిస్‌కి. ఈ లెక్కలన్నీ ఆయన కాగితం చూడకుండా చెప్పాడు, చెప్తూ మధ్యలో ఆగి, “మేం బ్యాగులు మోసేటప్పుడు కూడా వెనక గేటు నుంచే వెళ్ళేవాళ్ళం” అన్నాడు. ఎప్పుడు, ఏ క్లబ్బులో అని మా బావ అడిగితే మాత్రం నవ్వి వదిలేశాడు.

తర్వాత మొదటి హోల్ గుర్తు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు కోర్సు 18 హోల్స్, పాత దారి మారిపోయింది, కానీ 1860లో మొదటి బంతి కొట్టిన చోట రాళ్ళ గుట్ట కట్టి పెట్టారు. అక్కడి నుంచి పాత మొదటి హోల్ 578 గజాలు. నాకు ఆ అంకె ఏమీ అనిపించలేదు, మా బావ మాత్రం అక్కడే నిలబడిపోయాడు. ఈ రోజుల్లో లోహపు కర్రలతో ఆడే మంచి ఆటగాళ్ళు ఐదు దెబ్బల్లో ముగిస్తే సంతోషించే దూరం అది. 1870లో హికరీ అనే చెట్టు చెక్కతో చేసిన కర్ర, గట్టా పర్చా బంతితో టామ్ మోరిస్ కొడుకు, ఆయన పేరూ టామే, మూడు దెబ్బల్లో ముగించాడు.

తండ్రీకొడుకుల కథ ఈ టూర్‌కి ప్రాణం. తండ్రి నాలుగుసార్లు గెలిచాడు, 1861, 1862, 1864, 1867. 1862లో 13 దెబ్బల తేడా, ఓపెన్‌లో దాన్ని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1867లో ఆయన వయసు 46, ఓపెన్ గెలిచినవాళ్ళలో అందరికంటే పెద్ద. మరుసటి ఏడే కొడుకు గెలిచాడు, వయసు 17, అందరికంటే చిన్న, రెండో స్థానంలో తండ్రి. ఈ రెండు రికార్డులూ ఒకే ఇంట్లో, పక్కపక్క ఏళ్ళలో. 1868, 69, 70 వరసగా మూడుసార్లు గెలిచి కొడుకు బెల్టు సొంతం చేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. దాంతో పోటీకి బహుమతే లేకుండా పోయింది! 1871లో ఓపెన్ జరగలేదు. యుద్ధాలప్పుడూ కోవిడ్ వచ్చిన 2020లోనూ ఆగింది సరే, ఇది మాత్రం ఒక కుర్రాడు మరీ బాగా ఆడినందుకు ఆగడం.

1872లో ప్రెస్ట్‌విక్, సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్, మసల్‌బరాలో ఆడే ఎడిన్‌బరో గోల్ఫర్ల క్లబ్బు, మూడూ తలా పది పౌండ్లు వేసుకుని వెండి జగ్గు చేయిద్దామని తీర్మానించాయి. ఇవాళ టీవీలో గెలిచినవాడు ముద్దు పెట్టుకునే క్లారెట్ జగ్ అదే. 1872లో గెలిచింది మళ్ళీ కొడుకు టామే, కానీ జగ్గు తయారు కాలేదు, మెడల్ ఇచ్చి సరిపెట్టారు. జగ్గు మీద మొదటి పేరు ఆయనదే ఉంటుంది, దాన్ని మొదట చేతిలోకి తీసుకున్నవాడు మాత్రం 1873లో గెలిచిన టామ్ కిడ్.

ప్రెస్ట్‌విక్ మొత్తం 24 ఓపెన్లు నడిపింది. ఆఖరిది 1925. ఆ ఏడు జనం అదుపు తప్పి ఆటగాళ్ళ మీద పడ్డారు, గెలుస్తాడనుకున్న మెక్‌డొనాల్డ్ స్మిత్ ఆ తోపులాటలో ఆఖరి రౌండు చెడగొట్టుకున్నాడు, జిమ్ బార్న్స్ గెలిచాడు. స్థలం చాలదని ఓపెన్ మళ్ళీ అక్కడికి రాలేదు. పుట్టింటికి దారి మూసేశారు అన్నాను నేను, గైడుకి అనువదించి చెప్పే ధైర్యం బావకి చాలలేదు.

మొదటి రోజు లోటంటే, మినీబస్ హీటర్ పనిచేయలేదు, మధ్యాహ్నం భోజనం టికెట్లో ఉందంటే ఏదో అనుకున్నాను, సూపు, బ్రెడ్డు. సముద్రం గాలికి ఆ సూపు అమృతంలాగే ఉంది కానీ ఆ డబ్బుకి ఇంకో ముక్క ఏదైనా పెట్టాల్సింది. అయినా మార్కులు తగ్గించను.

రెండో రోజు గైడు మారాడు. ఇది బుక్ చేసేటప్పుడు ఎక్కడా చెప్పలేదు. కుర్రాడు, మర్యాదస్థుడు, ట్యాబ్ చూసి చదువుతాడు. దాంతో టూర్ సగం రంగు పోయింది, అతని తప్పేం లేదు, ఎవరో రాసిచ్చిన స్క్రిప్టు అది.

మసల్‌బరా ఎడిన్‌బరో పక్కనే. గుర్రప్పందేల మైదానం మధ్యలో తొమ్మిది హోల్స్ పాత కోర్సు, ఇప్పటికీ ఎవరైనా డబ్బు కట్టి ఆడుకోవచ్చు, పాతకాలం హికరీ కర్రలు అద్దెకిస్తారు. ఆరు ఓపెన్లు జరిగాయి ఇక్కడ, 1874 నుంచి 1889 దాకా మూడేళ్ళకోటి. మా బావ హికరీ కర్రతో ఒక బంతి కొట్టి, అది ఎక్కడ పడిందో కనపడక, 1860 వాళ్ళ మీద గౌరవం పెంచుకున్నాడు. పార్క్ కుటుంబం ఈ ఊరిదే. విల్లీ పార్క్ నాలుగుసార్లు, తమ్ముడు ముంగో 1874లో, కొడుకు విల్లీ జూనియర్ 1887, 1889లలో. 1889 ఓపెన్‌లో జూనియర్‌తో సమంగా నిలిచి, విజేతని తేల్చడానికి మళ్ళీ ఆడించే ప్లేఆఫ్‌లో ఓడిన ఆండ్రూ కర్కాల్డీ కథ స్క్రిప్టులో ఉంది, బాగుంది కూడా: అంగుళం దూరంలో ఉన్న బంతిని ఒక చేత్తో నిర్లక్ష్యంగా తోయబోయి గాలిని కొట్టాడు. గోల్ఫ్‌లో గాలిని కొట్టినా దెబ్బ దెబ్బే. ఆ ఒక్కటీ లేకపోతే ప్లేఆఫ్ లేదు, జగ్గు తనదే.

స్క్రిప్టులో లేనివి నేను రాత్రి హోటల్లో చదువుకున్నవి. మసల్‌బరా బాబ్ ఫెర్గూసన్ 1880 నుంచి 82 దాకా వరసగా మూడు గెలిచి, 1883లో నాలుగోది ప్లేఆఫ్‌లో పోగొట్టుకుని, తర్వాత టైఫాయిడ్ వచ్చి ఆట పోయి, మళ్ళీ అదే నేల మీద క్యాడీగా బతికాడు. అంతకు ముందు మూడేళ్ళూ వరసగా గెలిచిన సెయింట్ ఆండ్రూస్ జేమీ ఆండర్సన్ చివరికి దిక్కులేనివాళ్ళుండే పేదల గృహంలో చనిపోయాడు. ఇద్దరూ మూడేసిసార్లు ఛాంపియన్లు! మొదటి రోజు పెద్దాయనైతే ఇవి వదిలేవాడు కాదు. మసల్‌బరాలో నిలబడి ఫెర్గూసన్ పేరు ఎత్తకపోవడం ఏమిటి అసలు.

1891లో ఎడిన్‌బరో గోల్ఫర్ల క్లబ్బు ఈ రద్దీ పడలేక మ్యూర్‌ఫీల్డ్‌లో సొంత కోర్సు వేసుకుని వెళ్ళిపోయింది, పోతూ పోతూ ఓపెన్‌ని కూడా వెంట తీసుకెళ్ళింది. 1892లో మ్యూర్‌ఫీల్డ్‌లోనే మొదటిసారి 72 హోల్స్ ఆడారు, ఇప్పటిదాకా అదే లెక్క. బ్రోషర్లో ‘మ్యూర్‌ఫీల్డ్ సందర్శన’ అని రాసి ఉంది. వెళ్ళలేదు. టైం లేదన్నారు. సగం మార్కు అక్కడ పోయింది. ఇంకో సగం, ఆ క్లబ్బు గురించి చెప్పినంతలో అసలు సంగతి దాటేసినందుకు: 2016లో ఆడవాళ్ళకి సభ్యత్వం ఇద్దామా అని ఓటేస్తే కావలసినంత మెజారిటీ రాలేదు, అలాగైతే ఇక ఓపెన్ మీ దగ్గర ఉండదని, ఓపెన్‌ని నడిపే సంస్థ ఆర్ అండ్ ఏ తేల్చి చెప్పింది, 2017లో మళ్ళీ ఓటేసి ఒప్పుకున్నారు. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు కూడా 2014 దాకా ఆడవాళ్ళని చేర్చుకోలేదు. క్యాడీలని గుమ్మం బయట నిలబెట్టిన కథ నిన్న చెప్పినవాళ్ళు ఈ కథ ఎందుకు చెప్పరు? మా బస్సులో సగంమంది ఆడవాళ్ళే.

ఇక సెయింట్ ఆండ్రూస్. ఊరు అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. ఓపెన్ ఇక్కడ 30 సార్లు జరిగింది, ఏ కోర్సులోనూ ఇన్నిసార్లు జరగలేదు. కానీ టూర్ ఇక్కడ ఫోటోల కార్యక్రమం అయిపోయింది. 18వ హోల్ మీదుండే చిన్న రాతి వంతెన స్విల్కన్ బ్రిడ్జి దగ్గర క్యూ, అక్కడ నిలబడి చెయ్యి ఊపడం, తర్వాత షాపు, చిన్న చిన్న జగ్గులు, టోపీలు, తువాళ్ళు. 2000లో టైగర్ వుడ్స్ ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు, కోర్సులో ఉన్న 112 బంకర్లలో (ఇసుక గోతుల్లో) నాలుగు రోజులూ ఒక్కదాంట్లో కూడా బంతి పడలేదు అని చెప్పారు, నిజమే, గొప్పే. 2005లో అమెరికా దిగ్గజం జాక్ నిక్లస్ ఆ బ్రిడ్జి మీద ఆటకి వీడ్కోలు చెప్పాడు, ఆయన బొమ్మతో స్కాట్లండ్ బ్యాంకు ఒకటి ఐదు పౌండ్ల నోటు కూడా వేసింది. ఇవన్నీ టీవీలో చూసినవే కదా. దీనికి బస్సెక్కి రావాలా?

ఇక్కడే జరిగిన 1876 ఓపెన్ గురించి ఒక్క ముక్క లేదు. అది నాకు తెలిసినంతలో ఏ టోర్నమెంటు చరిత్రలోనూ లేని గందరగోళం. పోటీ రోజున కోర్సుని రిజర్వు చేయడం క్లబ్బువాళ్ళు మర్చిపోయారు, ఛాంపియన్‌షిప్ ఆడేవాళ్ళ మధ్యమధ్యలో ఊళ్ళోవాళ్ళు తమ మామూలు ఆట ఆడుకుంటూ పోయారు. చివరికి బాబ్ మార్టిన్, డేవీ స్ట్రాత్ 176తో సమం. 17వ హోల్ దగ్గర ముందున్నవాళ్ళు గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దిగకముందే స్ట్రాత్ బంతి కొట్టాడని ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్లేఆఫ్ ఆడండి అన్నారు కమిటీవాళ్ళు. ముందు అది తేల్చండి, నా మీద తప్పని తేలితే ఆడి లాభమేంటి అన్నాడు స్ట్రాత్. ఆడనన్నాడు. ప్లేఆఫ్ రోజున మార్టిన్ ఒక్కడే కోర్సంతా నడిచి ఛాంపియన్ అయ్యాడు. న్యాయం స్ట్రాత్ వైపే ఉందని నా అభిప్రాయం, బావ ఒప్పుకోడు, రూల్ రూలే అంటాడు, తిరుగు ప్రయాణంలో ఫైఫ్ (సెయింట్ ఆండ్రూస్ ఉన్న జిల్లా) దాటేదాకా ఇదే వాదన.

కెథెడ్రల్ శ్మశానానికి మాత్రం తీసుకెళ్ళారు, అందుకే మార్కులు రెండున్నర దాకా వచ్చాయి. 1875 సెప్టెంబర్‌లో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో పార్క్ అన్నదమ్ములతో ఆడుతుండగా టెలిగ్రాం వచ్చింది, కొడుకు టామ్ భార్య ప్రసవానికి కష్టపడుతోందని. ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. అదే ఏడు క్రిస్మస్ రోజున టామ్ కూడా చనిపోయాడు, 24 ఏళ్ళు. సమాధి గోడ మీద బంతి కొట్టబోతున్న భంగిమలో ఆయన శిల్పం ఉంది. తండ్రి ఇంకా మూడు దశాబ్దాలు బతికాడు, 74 ఏళ్ళ వయసులో ఆఖరిసారి ఓపెన్ ఆడాడు, 1908లో మెట్ల మీంచి పడి పోయాడు. కుర్రాడు ఇది ట్యాబ్ చూడకుండానే చెప్పాడు. ఇక్కడ ఇచ్చిన టైం మాత్రం షాపులో ఇచ్చినదాంట్లో సగం.

ఆర్ అండ్ ఏ వరల్డ్ గోల్ఫ్ మ్యూజియం క్లబ్‌హౌస్‌కి ఎదురుగానే ఉంది. ఈకల బంతి, గట్టా పర్చా బంతి పక్కపక్కన పెట్టి చూస్తే రాబర్ట్‌సన్‌కి ఎందుకంత కోపం వచ్చిందో వెంటనే అర్థమవుతుంది. టూర్‌వాళ్ళు అక్కడ ఉంచింది అరగంట పైచిలుకు, తీరిగ్గా చూడాలంటే పూట పడుతుంది. ఇంకో మాట, అసలు క్లారెట్ జగ్ చూస్తామని ఆశ పెట్టుకోకండి. అది క్లబ్‌హౌస్ లోపల ఉంటుంది, 1928 నుంచి గెలిచినవాళ్ళకి ఇచ్చేది నకలే.

నాకు అన్నిటికంటే లోటుగా అనిపించింది మధ్యలోని వందేళ్ళు. 1890ల నుంచి ఎకాఎకి టైగర్ వుడ్స్ దగ్గరికి దూకేశారు. తోటమాలిగా పనిచేసిన హారీ వార్డన్ ఆరుసార్లు గెలిచాడు, ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. వార్డన్, టేలర్, బ్రెయిడ్ ముగ్గురూ కలిసి 1894 నుంచి 1914 మధ్య 16 ఓపెన్లు పంచుకున్నారు. అందులో టేలర్ 1901లో ప్రొఫెషనల్స్ సంఘం పెట్టించాడు, అంటే మొదటి రోజు విన్న గళ్ళ కోట్ల కథకి అదే తరువాయి. 1920లో ఇంగ్లండ్‌లోని డీల్‌కి వచ్చిన అమెరికన్ వాల్టర్ హేగన్‌ని క్లబ్‌హౌస్‌లోకి రానివ్వకపోతే, డ్రైవర్‌తో సహా పెద్ద కారు అద్దెకి తీసుకుని, దాన్ని సరిగ్గా క్లబ్‌హౌస్ ముందు ఆపి అందులోనే బట్టలు మార్చుకున్నాడు. రెండేళ్ళకి వచ్చి గెలిచాడు కూడా, మొత్తం నాలుగుసార్లు. 1946లో ఇదే సెయింట్ ఆండ్రూస్‌లో గెలిచిన సామ్ స్నీడ్‌కి వచ్చింది 150 పౌండ్లు, రానుపోను ఖర్చులకే అంతకంటే ఎక్కువైందని మరుసటి ఏడు టైటిల్ నిలబెట్టుకోవడానికి కూడా రాలేదు. అమెరికా పెద్ద ఆటగాళ్ళు చాలామంది ఇటు రావడమే మానేసిన రోజుల్లో 1960లో ఆర్నాల్డ్ పామర్ వచ్చి ఒక్క దెబ్బ తేడాతో కెల్ నేగల్ చేతిలో ఓడి, తర్వాతి రెండేళ్ళూ గెలిచాడు, ఆయన వెంట మిగతావాళ్ళూ మళ్ళీ రావడం మొదలైంది. 2025లో పోర్ట్‌రష్‌లో గెలిచిన స్కాటీ షెఫ్లర్‌కి 31 లక్షల డాలర్లు ఇచ్చారు. ఆరు పౌండ్ల నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పకుండా చరిత్ర టూర్ అంటే ఎలా?

బుక్ చేయాలా వద్దా అంటే, వీళ్ళు ఒక్క రోజు ప్రెస్ట్‌విక్ టూర్ కూడా విడిగా ఇస్తారు, అది తీసుకోండి, పెద్దాయనే గైడుగా ఉంటాడా అని ముందే ఫోన్ చేసి అడగండి. మిగతాది సొంతంగా చూసుకోవచ్చు. మసల్‌బరాకి ఎడిన్‌బరో సిటీ బస్సులే వెళ్తాయి. సెయింట్ ఆండ్రూస్‌లో రైల్వే స్టేషన్ లేదు, లూకర్స్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. మామూలుగా అయితే ఆదివారం వెళ్ళండి, ఆ రోజు ఓపెన్ జరిగే ఓల్డ్ కోర్సు మీద ఆట ఉండదు, అది ఊరి ఉమ్మడి నేల కాబట్టి ఎవరైనా నడవచ్చు, కుక్కలని తిప్పేవాళ్ళు, పిల్లలు, అందరూ 18వ హోల్ మీదే ఉంటారు, బ్రిడ్జి దగ్గర కూడా ఎవరూ తొందరపెట్టరు. ఆడాలనుకునే బావలుంటే వాళ్ళకి వేరే సంగతి, టీ టైం (ఆట మొదలుపెట్టడానికి కేటాయించే సమయం) కోసం లాటరీలో పేరు వేసుకుని అదృష్టం చూసుకోవాలి. 2027 జులైలో ఓపెన్ మళ్ళీ సెయింట్ ఆండ్రూస్‌కే వస్తోంది, ఆ చుట్టుపక్కల నెలల్లో అక్కడ గదుల రేట్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు, వెళ్ళేదుంటే అంతకు ముందే వెళ్ళిరండి.